గురువు పిడికిలి, శిష్యుడి బొటనవేలు





విద్యను అమ్ముకోవచ్చా? ఒకరి దగ్గర తయారైన మనిషిని ఇంకొకరు డబ్బు చూపించి పిలుచుకోవచ్చా? అట్లా పిలిస్తే వెళ్లినవాడు ద్రోహి అవుతాడా? ఈసారి ఈ మూడు ప్రశ్నలు మన ముందు పెట్టుకుందాం.

మన సంఘాల్లో ఇవి ఎప్పుడూ వచ్చే ప్రశ్నలే. అయితే మన ఇంటి గొడవను మనమే విచారించబోతే కోపం అడ్డమొస్తుంది. "వాళ్లు మనోడిని లాక్కుపోయారు" అన్న మాట దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. అందుకని ముందు మనకు పెద్దగా సంబంధం లేని ఒక రంగాన్ని తీసుకుందాం. దాని పేరు జియు-జిట్సు. ఎదుటివాణ్ణి నేల మీద పడేసి, కీళ్లనో గొంతునో పట్టి లొంగదీసే కుస్తీ విద్య అది. ఇప్పుడు అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా దేశాల్లో పెద్ద వ్యాపారం. హైదరాబాద్‌లోనూ నేర్పే జిమ్‌లున్నాయి.

1. బలం లేనివాడి విద్య

1882లో టోక్యో నగరంలో జిగోరో కానో అనే యువ ఉపాధ్యాయుడు ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో 12 చాపలు పరిచి ఒక శిక్షణశాల మొదలుపెట్టాడు. పాత జుజుత్సు పట్లలో ప్రమాదకరమైనవాటిని సాధన పోటీల్లోంచి తీసేసి, మిగిలినవాటిని ఒక పద్ధతిలో పెట్టి జూడో అన్నాడు. ఆయన పెట్టుకున్న సూత్రాలు రెండు. ఒకటి, ఉన్న శక్తిని వృథా చేయకుండా మంచికి వాడటం. రెండు, నా మేలు, నీ మేలు కలిసి సాగటం.

ఆ శాలలో తయారైన మిట్సుయో మయెడా 1914లో బ్రెజిల్ చేరాడు. బెలెమ్ నగరంలో ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు. గ్రేసీ అన్నదమ్ములు నేల మీద చేసే పోరాటాన్ని పెంచి పెద్ద చేశారు. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన పోటీలో ఆ కుటుంబానికే చెందిన రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. ఆయనది పెద్ద ఒళ్లేం కాదు. తనకంటే బరువైనవాళ్లను ఓడించాడు. అప్పటి నుంచి ఈ విద్య ప్రపంచమంతా పాకింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "ఈ విద్యలన్నీ బోధిధర్ముడు పెట్టినవే, బౌద్ధ భిక్ఖువులే ప్రపంచానికి నేర్పారు" అని మనోళ్లలో కొందరు గర్వంగా చెప్తారు. బోధిధర్ముడికీ షావోలిన్ కుస్తీకీ ముడిపెట్టే కథ ఆయన తర్వాత ఎన్నో వందల ఏళ్లకు పుట్టిందని చరిత్రకారులు తేల్చారు. కాలాములకు బుద్ధుడు చెప్పిన మాట మనకూ వర్తిస్తుంది. మనకు గౌరవం తెచ్చే కథ అయినంత మాత్రాన నమ్మకూడదు.

ఈ విద్యలో నన్ను ఆకట్టుకున్న విషయం వేరే ఉంది. అది ట్యాప్. సాధనలో ఎదుటివాడు నీ గొంతు పట్టాడనుకోండి. నువ్వు చేత్తో రెండుసార్లు తడితే చాలు, అతను వెంటనే వదిలేయాలి. వదలనివాడితో ఎవరూ సాధన చేయరు. రోజూ నీ మెడను ఇంకొకడి చేతుల్లో పెట్టి, వదులుతాడన్న నమ్మకంతోనే ఈ విద్య నేర్చుకుంటావు. ఆ నమ్మకం మీద నిలబడ్డ రంగంలో గురువుకీ శిష్యుడికీ మధ్య, జట్టుకీ జట్టుకీ మధ్య న్యాయం ఎట్లా ఉండాలన్నదే మన ప్రశ్న.

2. వీడియోలో గురువు

ఒకప్పుడు ఈ పట్లు తేలిగ్గా బయటికి వచ్చేవి కావు. తర్వాత టేపులొచ్చాయి. ఇప్పుడు పెద్ద ఆటగాళ్లు, కోచ్‌లు గంటల కొద్దీ పాఠాలు వీడియో తీసి ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన జాన్ డానహర్ 2018లో కాలి పట్ల మీద తెచ్చిన వీడియో పాఠాలు ఈ వ్యాపారాన్ని ఒక మలుపు తిప్పాయి. ఆయన ఒకప్పుడు మన బాబాసాహెబ్ చదివిన కొలంబియా విశ్వవిద్యాలయంలోనే తత్వశాస్త్ర విద్యార్థి. కొద్దిమంది శిష్యులకే తెలిసిన పద్ధతి డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ అందుబాటులోకి వచ్చింది.

దీన్ని ధమ్మ దృష్టితో ఎట్లా చూడాలి?

మహాపరినిబ్బాన సుత్తంలో ఒక ముఖ్యమైన మాట ఉంది. జీవితం చివర్లో బుద్ధుడు ఆనందుడితో, తన బోధలో లోపలి వాళ్లకొకటి, బయటివాళ్లకొకటి లేదని, గురువు మూసిపెట్టుకునే పిడికిలి తథాగతుడికి లేదని చెప్పాడు. దీన్నే పాలిలో ఆచరియ ముట్ఠి అంటారు. ఈ దేశంలో ఈ మాట ఎంత పెద్దదో మనకు వేరే చెప్పక్కర్లేదు. అక్షరాన్నే పిడికిట్లో బిగించి, విన్నవాడి చెవిని శిక్షించమన్న సంప్రదాయం మధ్య నిలబడి ఆయన చెయ్యి చాచి చూపించాడు.

ఆ లెక్కన వీడియో పాఠం పిడికిలి విప్పటమే. నేర్పే గురువు లేని ఊళ్లో ఉన్న పిల్ల కూడా నేర్చుకోవచ్చు. ఏకలవ్యుడు మట్టి బొమ్మను ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు. ఈ పిల్లకు బొమ్మ మాట్లాడుతుంది, పట్టు విప్పి చూపిస్తుంది. ఇది మంచి విషయమే.

మరి డబ్బు తీసుకోవటం? జీతం తీసుకునే నేర్పటం తప్పని ధమ్మం ఎక్కడా చెప్పలేదు. వైద్యుడు జీవకుడు తక్షశిలలో ఏడేళ్లు చదివాడు. ధనవంతుల దగ్గర పెద్ద మొత్తాలే తీసుకున్నాడు. బుద్ధుడికీ సంఘానికీ సేవగా వైద్యం చేశాడు. ఆయన జీవనాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలుగా బుద్ధుడు ఐదింటిని చెప్పాడు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. విద్య ఆ పట్టికలో లేదు.

అయితే సమ్మా ఆజీవం అంటే ఆ ఐదింటికి దూరంగా ఉంటే చాలదు. అమ్మేటప్పుడు ఏం మాట్లాడుతున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. "ఈ ఒక్క రహస్యం తెలిస్తే నిన్ను ఎవడూ ఓడించలేడు" అని ప్రకటన ఇస్తే అది ముసావాదమే, అబద్ధమే. మడమను ఇరికించి మోకాలిని తిప్పే హీల్ హుక్ అనే పట్టు ఉంది. నొప్పి గట్టిగా తెలిసేలోపే మోకాలి లోపలి లిగమెంట్లు తెగిపోయే ప్రమాదం ఉంది దాంట్లో. కొత్తగా చేరిన పిల్లలకు అది నేర్పరు. అట్లాంటి పట్టును వీడియోలో అమ్మేవాడు ఆ ప్రమాదం గురించి ఎంతసేపు మాట్లాడాడో చూడాలి. వీడియో చూసి నేర్చుకునేవాడు తడితే వదలటానికి అక్కడ గురువు లేడు. పిడికిలి విప్పటంలో కరుణ ఉండాలి, ప్రజ్ఞ కూడా ఉండాలి.

ఇంకో రకం పిడికిలి కూడా ఉంది. ఒక పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, అసలు విషయం ఎప్పుడూ రాబోయే వీడియోలోనే ఉందన్నట్టు ఊరించటం. అక్కడ మూసినది రహస్యం కోసం కాదు, జేబు కోసం. పిడికిలి పిడికిలే.

3. ఎవరు ఎవరిని లాక్కున్నారు?

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఆటగాళ్లను పిలుచుకోవటం.

ఒక జట్టు ఇంకో జట్టులోని మంచి ఆటగాణ్ణి ఎందుకు పిలుస్తుంది? గెలిచినోడి ఫోటో గోడ మీద ఉంటే జిమ్‌కు జనం వస్తారు. గెలిచినోడి పేరు మీద వీడియో అమ్ముడుపోతుంది. అంటే పాఠాల వ్యాపారం, ఆటగాళ్ల వేట వేర్వేరు కావు. మనిషే ప్రకటన బోర్డు అవుతున్నాడు. మన తెలుగు నేల మీద ఇది కొత్తేం కాదు. పదో తరగతిలో ఎక్కువ మార్కులొచ్చిన పిల్లలకు ఫీజు లేని సీటిచ్చి తీసుకుపోయి, ర్యాంకు రాగానే ఫ్లెక్సీ కట్టే కాలేజీలను చూస్తూనే ఉన్నాం. ఆ పిల్లకు ఓనమాలు దిద్దించిన ప్రభుత్వ బడి టీచరమ్మ పేరు ఆ ఫ్లెక్సీ మీద ఎక్కడా కనపడదు.

జియు-జిట్సులో జట్టు మారినవాణ్ణి పిలవటానికి ఒక తిట్టే ఉంది. క్రియోంచె. బ్రెజిల్ టీవీ సీరియల్‌లో అటూ ఇటూ మారే ఒక పాత్ర పేరట అది. గొప్ప కోచ్ కార్లసన్ గ్రేసీ తనను వదిలివెళ్లిన వాళ్లను అట్లా పిలవటంతో అది ఆ లోకమంతా పాకింది. పక్క జిమ్‌లో ఒకరోజు సాధన చేసినా తప్పే అనే చోట్లు ఇంకా ఉన్నాయి.

ఇంకోవైపు, కోచ్‌లు వదిలేసినవాళ్ల వైపు నుంచి చూడండి. ఈ ఆటలో చాలామందికి జీతం లేదు. 2024 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. 1998లో అబుదాబిలో మొదలైన ఏడీసీసీ ఈ రంగంలో అత్యంత గౌరవం ఉన్న పోటీ. ఆ ఏడాది దాంట్లో బరువు విభాగం గెలిచిన మగ ఆటగాడికి ఇచ్చింది 10,000 డాలర్లు. క్రెయిగ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు అదే ఊళ్లో, అదే వారాంతంలో ఇంకో పోటీ పెట్టాడు. వచ్చి ఆడిన ప్రతి ఒక్కరికీ 10,001 డాలర్లు. ఏడీసీసీ విజేతకు ఇచ్చేదానికంటే ఒక్క డాలర్ ఎక్కువ! గెలిచినవాడికి పది లక్షల డాలర్లు. రెండు విభాగాలు, ఒక్కో దాంట్లో 16 మంది. ఏడీసీసీకి వెళ్లాల్సిన కొందరు మంచి ఆటగాళ్లు ఇటు వచ్చేశారు. కేడ్ రువోటోలో, నిక్ రోడ్రిగెజ్ గెలిచారు.

ఇక మొదలైంది వాదన. పాతికేళ్లు ఈ ఆటను నిలబెట్టిన పోటీకి వెన్నుపోటు అని కొందరన్నారు. కూలి సరిగ్గా ఇవ్వనివాడికి నమ్మకం అడిగే హక్కెక్కడిదని ఇంకొందరు అడిగారు.

వెళ్లినవాళ్లది దురాశ అందామా? బుద్ధుడు అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించింది ఉండటం, దాన్ని అనుభవించటం, అప్పు లేకపోవటం, నిందపడే పని చేయకపోవటం. పేదరికాన్ని బుద్ధుడు పొగడలేదని బాబాసాహెబ్ మనకు మళ్లీ మళ్లీ గుర్తుచేశారు. తన చెమటకు మంచి కూలి దొరికే చోటుకు పోయినవాణ్ణి ద్రోహి అనటం జమీందారు భాష. పాలేరు ఇంకో ఆసామి దగ్గరికి పోతే ఊరు ఏమనేదో మన తాతలకు తెలుసు.

అట్లా అని కొత్త పోటీని ఆకాశానికెత్తాల్సిన పనీ లేదు. ఆ ఏడాది పది లక్షల డాలర్ల విభాగాలు రెండూ మగవాళ్లవే. ఆడవాళ్లకు ఒక ప్రత్యేక పోరు మాత్రమే పెట్టారు. న్యాయం కోసం పెట్టిన పందిట్లో కూడా సగం మందికి చాప వేయకపోతే అది అంతవరకే న్యాయం.

4. బుద్ధుడి మీదే వచ్చిన నింద

మనుషుల్ని లాక్కుపోతున్నాడన్న నింద బుద్ధుడి మీదే పడింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

సారిపుత్తుడు, మొగ్గల్లానుడు మొదట సంజయుడి శిష్యులు. బుద్ధుడి దగ్గరికి పోతామన్నప్పుడు, వద్దు, ఈ గణాన్ని ముగ్గురం కలిసి నడుపుదాం అని సంజయుడు పదవి చూపించాడు. వాళ్లు ఆగలేదు. 250 మంది వాళ్లతోపాటు కదిలారు. రాజగృహంలో జనం గొణుక్కున్నారు, సంజయుడి వాళ్లందరినీ తీసుకుపోయాడు, ఇంకెవరిని తీసుకుపోతాడో అని. బుద్ధుడు తిట్టినవాళ్లను తిట్టలేదు. తథాగతులు మనుషుల్ని నడిపించేది ధమ్మంతోనే, అందులో అసూయపడాల్సిందేముందన్న అర్థంలో బదులు చెప్పమన్నాడు. ఏ ఎర చూపించామన్నది మొదటి పరీక్ష. ఇక్కడ పదవి చూపించింది సంజయుడే. బుద్ధుడు చూపించింది దారి.

రెండో కథ ఉపాలిది. నాలందాలో ధనవంతుడైన గృహస్థుడు, నిగంఠ నాతపుత్తుడి శిష్యుడు. బుద్ధుడితో వాదించటానికి వచ్చి, ఆయన మాట విని, మీ ఉపాసకుడినవుతా అన్నాడు. బుద్ధుడు వెంటనే చేర్చుకోలేదు. బాగా విచారించి నిర్ణయం తీసుకో, నీలాంటి పేరున్నవాళ్లు తొందరపడకూడదు అన్నాడు. ఉపాలి ఆశ్చర్యపోయాడు. వేరేవాళ్లయితే నేను దొరికానని నాలందా అంతా జెండా పట్టుకుని తిరిగేవాళ్లు కదా అన్నాడు. రెండున్నర వేల ఏళ్ల కిందట కూడా ఫ్లెక్సీ కట్టేవాళ్లు ఉన్నారన్నమాట! అంతే కాదు, ఇన్నాళ్లూ నీ ఇంట భిక్ష తీసుకున్న నిగంఠులకు ఇకముందు కూడా పెట్టమని బుద్ధుడే చెప్పాడు. పోటీ పక్షం పొట్ట కొట్టలేదు.

మూడోది నిగ్రోధ పరివ్రాజకుడి కథ. శిష్యుల్ని సంపాదించుకోవటానికి ఇది చెప్పటం లేదు, నీ గురువు నీ గురువుగానే ఉండనీ అని బుద్ధుడు అతనితో అన్నాడు. నేర్పటానికి, సొంతం చేసుకోవటానికి మధ్య గీత ఇంత స్పష్టంగా గీసినవాళ్లు చరిత్రలో అరుదు.

ఇక బయటికి పోయే తలుపు. భిక్ఖువు చీవరం వదిలి ఇంటికి పోదలచుకుంటే పోవచ్చు. అది శిక్ష పడే నేరం కాదు. లోపలికి రమ్మనే చోటు ఎంత మంచిదో తెలుసుకోవాలంటే బయటికి పోయే తలుపు చూడాలి.

5. రుణం ఉంది, యాజమాన్యం లేదు

మరి పదేళ్లు కష్టపడి తయారుచేసిన మొదటి కోచ్ సంగతేంటి? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. ఫీజు లేకుండా నేర్పి, తన ఇంట్లో అన్నం పెట్టి, పోటీలకు తిప్పి, చివరికి పేరొచ్చే వేళకు పెద్ద నగరం జట్టు ఎత్తుకుపోతే ఆయన గుండె మండటం సహజం.

సిగాలోవాద సుత్తం గురువు బాధ్యతలు ఐదు చెప్పింది. చక్కగా తర్ఫీదు ఇవ్వటం, బాగా అర్థమయ్యేలా చేయటం, తెలిసిన విద్యంతా దాచకుండా నేర్పటం, తన స్నేహితులకు శిష్యుణ్ణి పరిచయం చేయటం, అన్ని దిక్కులా రక్షణ కల్పించటం. నాలుగోది చూడండి. మంచి గురువు శిష్యుణ్ణి తానే తీసుకుపోయి పదిమందికి పరిచయం చేస్తాడు. శిష్యుడి బాధ్యతలు కూడా ఐదు చెప్పింది. లేచి గౌరవించటం, కనిపెట్టుకుని ఉండటం, ఆసక్తిగా వినటం, సేవ చేయటం, శ్రద్ధగా నేర్చుకోవటం. ఇంకో గురువు దగ్గరికి పోకూడదన్నది ఆ ఐదింటిలో లేదు.

ద్రోణుడు దీనికి తలకిందులు. ఏకలవ్యుడు నిషాదుడని నేర్పనన్నాడు. తానే నేర్చుకుంటే దక్షిణ అడిగాడు. అడిగింది బొటనవేలు, అంటే ఆ విద్యనే. అర్జునుడే మొదటి స్థానంలో ఉండాలని. విద్యను అడ్డం పెట్టి మనిషి బతుకును శాసించే ప్రతి గురువులోనూ ఆ ద్రోణుడున్నాడు. పోయినవాణ్ణి పోటీల్లో ఆడనివ్వకుండా చేసేవాడు, బెల్టు ఇవ్వకుండా ఆపేవాడు, పేరు చెడగొట్టేవాడు అడిగేది కూడా బొటనవేలే.

కృతజ్ఞత తప్పకుండా ఉండాలి. కతఞ్ఞుత లేని మనిషిని ధమ్మం మెచ్చుకోదు. కానీ రుణం వేరు, యాజమాన్యం వేరు. రుణాన్ని తీర్చే మార్గాలున్నాయి. ఫుట్‌బాల్‌లో ఫిఫా నియమం ప్రకారం, ఆటగాడు క్లబ్బు మారినప్పుడు చెల్లించే సొమ్ములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచుతారు. ఆటగాడి కాళ్లకు గొలుసు లేదు, చిన్న ఊరి కోచ్ కష్టం గాలికి పోదు. జియు-జిట్సులో అట్లాంటి ఏర్పాటు లేదు. అది లేనప్పుడు, పిలుచుకున్నవాడు కనీసం తయారుచేసినవాడి పేరు చెప్పాలి, వచ్చిన దాంట్లో భాగం ఇవ్వాలి. వీడియో తీసేవాడు కూడా ఏ పట్టు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాలి. చెప్పకపోతే అది అదిన్నాదానమే, ఇవ్వనిది తీసుకోవటమే.

6. మన సంగతి

1935లో యెవలాలో బాబాసాహెబ్ హిందువుగా చావనని ప్రకటించగానే అనేక మతాల పెద్దలు ఆహ్వానాలు పంపారు. అంత పెద్ద నాయకుడు, ఆయన వెనక లక్షల జనం. ఆయన 21 ఏళ్లు చదివారు, తూచారు, పోల్చారు. ఉపాలికి బుద్ధుడు చెప్పిన విచారణ ఇదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ప్రజలతో చెప్పించిన 22 ప్రతిజ్ఞలూ "నేను" అన్న మాటతో సాగుతాయి. ఎవరి నోటితో వాళ్లే చెప్పాలి. ఒకడు సంతకం పెడితే ఊరంతా మారినట్టు కాదు.

మరి ఈరోజు మనం చేస్తున్నదేంటి? దీక్షా కార్యక్రమానికి తలకాయలు లెక్కపెడుతున్నాం. పక్క సంఘంలో బాగా మాట్లాడే కుర్రాడు కనిపిస్తే జిల్లా పదవి చూపిస్తున్నాం. మన దగ్గర నుంచి పోతే "అమ్ముడుపోయాడు" అంటున్నాం, మన దగ్గరికొస్తే "నిజం తెలుసుకున్నాడు" అంటున్నాం. ఒకే పనికి రెండు పేర్లు. ఇదే క్రియోంచె మాట, కాకపోతే తెలుగులో.

ఆళవి నగరపు హత్థకుడు అనే ఉపాసకుడి వెంట 500 మంది ఉండేవాళ్లు. ఇంతమందిని ఎట్లా కలిపి ఉంచుతున్నావని బుద్ధుడు అడిగాడు. మీరు నేర్పిన నాలుగు పద్ధతులతోనే అన్నాడు హత్థకుడు. ఇవ్వాల్సినవాళ్లకు ఇవ్వటం, ప్రియంగా మాట్లాడటం, వాళ్లకు మేలు జరిగే పని చేయటం, సమానంగా చూడటం. నాలుగోది మన గుండెకు దగ్గరిది. సమానంగా చూసే చోటును వదిలి మనుషులు ఊరికే పోరు. పోతున్నారంటే ముందు మన చాప ఎట్లా పరిచామో చూసుకోవాలి.

కాబట్టి మొదటి మూడు ప్రశ్నలకు జవాబులు ఇవీ. విద్యకు కూలి తీసుకోవచ్చు, కానీ అబద్ధం చెప్పి అమ్మకూడదు, పిడికిలి మూయకూడదు. మనిషిని పిలవచ్చు, కానీ ఆలోచించుకునే సమయమిచ్చి, పాతవాళ్ల రుణం గుర్తించి, బయటి తలుపు తెరిచి పెట్టి పిలవాలి. వెళ్లినవాడు ద్రోహి కాడు, మాట తప్పి, కృతజ్ఞత మరిచి, వెనక మోసం చేస్తే తప్ప. ఎదుటివాడు తట్టగానే పట్టు వదలటం కుస్తీ పిల్లలకు మొదటి రోజే నేర్పుతారు. సంఘాలు నడిపే మనం కూడా నేర్చుకోవాలి.

ఆదివారం వందనం తర్వాత చర్చించుకోవటానికి:

1. మన సంఘంలో కొందరికే చెప్పి మిగతావాళ్లకు చెప్పని విషయాలున్నాయా? ఎందుకు?

2. మనల్ని వదిలివెళ్లిన వాళ్ల గురించి మనం ఏ మాటలు వాడుతున్నాం?

3. మనల్ని ఈ దారికి తెచ్చిన మొదటి మనిషి ఎవరు? ఆ పేరు చివరిసారి ఎప్పుడు చెప్పాం?

జై భీమ్! నమో బుద్ధాయ!